సీడీ డ్రైవుకు శుక్రవారం ఒక్కపొద్దు

కంప్యూటరుకు నోరున్న కాలం అది. ఇప్పటి వాటికి నోరూ లేదు, నాలుకా లేదు. గాలిలోంచి ఏదో పీల్చుకుని బతికేస్తున్నాయి. ఆ రోజుల్లో అలా కాదు. పెట్టె ముందున్న బొత్తాం నొక్కితే కిర్రుమని నాలుక బయటపెట్టేది. దాని మీద సీడీ పెడితే లోపలికి లాక్కుని, కాసేపు నమిలి, బుద్ధి పుడితే చదివేది, పుట్టకపోతే మళ్లీ నాలుక బయటపెట్టి వెక్కిరించేది. అలాంటి నాలుక ఒకటి నన్ను నెల రోజుల పైన వెక్కిరించింది. నాకు కోపం తొందరగా వస్తుందనీ, వచ్చింది తొందరగా పోదనీ మా ఇంట్లో అంటుంటారు. అందులో రెండోది అబద్ధమని వాదిద్దామంటే, ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి రాయడానికి కూర్చుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. కాబట్టి వాదించను. విన్నాక మీరే చెప్పండి, తప్పు నాదా అని.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక డిజైనింగు సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఇల్లు పెనుకొండ. రోజూ పొద్దున బస్సెక్కి వెళ్లడం, పెళ్లిపత్రికల మీద అరటిచెట్లూ కలశాలూ అతికించడం, సాయంత్రం బస్సెక్కి రావడం, అదీ ఉద్యోగం. తీరిక దొరికినప్పుడు పట్టుచీరల అంచులు కూడా గీసేవాళ్లం. కంప్యూటరులో చిన్న చిన్న గళ్లు నింపుతూ డిజైను గీసి, దాన్ని సీడీలో ఎక్కించి, ధర్మవరంలో అట్టలు కొట్టే అంగడికి పంపాలి. అక్కడి కంప్యూటరుకు ఒక మిషను కట్టేసి ఉంటుంది. డిజైనును చూసుకుంటూ అది అట్టముక్కలకు బొక్కలు కొడుతుంది. ఆ అట్టల్ని దండలాగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో ఆ బొక్కలే చెబుతాయి. అంటే సీడీ చదవకపోతే బొక్కల్లేవు, బొక్కల్లేకపోతే అంచు లేదు. (పెన్‌డ్రైవులు అప్పుడే వచ్చాయి. మా సారు ఒకటి కొని, దారం కట్టి మెళ్లో వేసుకుని తిరిగేవాడు. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు, స్నానానికి పోయేటప్పుడైనా తీసేవాడో లేదో నాకు తెలియదు.)

మామిడిపిందెలూ నెమళ్లూ హంసలూ గీసి గీసి విసుగొచ్చి ఒకసారి సొంతంగా ఒక అంచు గీశాను. రొద్దం దగ్గర మాకున్న ఎర్రనేల చేనులో నాయన వేసే పంట వేరుశనగే. నాలుగు ఆకుల రెమ్మ, నడుమ చిన్న పసుపుపువ్వు, కింద జంటగా వేలాడే కాయలు. ఎర్రటి నేల మీద జరీతో ఆ తీగ సాగిపోతుంటే నాకైతే కళ్లు చెమర్చాయి. మా సారు చూసి, ఇది చీరా లేక నూనె మిల్లు బోర్డా అని అడిగాడు. మండిపోయింది. నేరుగా ధర్మవరం వెళ్లి మా చిన్నాయనకు చూపించాను. ఆయనకు సొంత మగ్గం ఉంది. కాగితం మీది బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"చీర మింద శెనక్కాయలేందిరా? కట్టుకున్నోళ్లు ఒలుచుకుని తినాల్నా?" అన్నాడు. నేను కాగితం లాక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆకు బాగుండాది. ఇప్పుడుండే పడుగు అయిపోతానే కొత్తది ఎక్కిస్తా. ఆ పొద్దుకు అట్టలు నా చేతిలో ఉండాల. లేకుంటే మామిడిపిందె అట్టలు ఉండనే ఉండాయి."

ఒకసారి పడుగు పోగులు మగ్గానికి ఎక్కించి మామిడిపిందె అట్టలు వేలాడదీశాడంటే, ఆ పడుగు మీది చీరలన్నీ అయ్యేదాకా వాటిని దించడు. అప్పటికి ఆయన మనసు మారిపోతుంది, ఆ పైన నా శనక్కాయల మొహం చూసేవాడు ఊళ్లో ఇంకొకడు లేడు. నా పేరున ఒక్క అంచైనా మగ్గం ఎక్కాలి. ఆ వయసులో అంతకు మించిన ఆశ నాకు లేదు.

సీడీ రాసుకుని ఒక ఆదివారం అట్టల అంగడికి వెళ్లాను. ఆ అంగడాయన్ని అందరూ అట్టలన్న అనే పిలిచేవారు. ఆయనా, వాళ్లమ్మా ఆ అంగడి వెనక ఇంట్లోనే ఉండేవాళ్లు. ఆమె ఊరందరికీ అవ్వే, నాకూ అవ్వే. సీడీ పెట్టాం. నాలుక లోపలికి పోయింది, కాసేపు గరగరలాడింది, బయటికొచ్చింది. మళ్లీ పెట్టాం. మళ్లీ బయటికొచ్చింది. డ్రైవు చెడిపోయినట్టుందన్నా అన్నాను. అట్టలన్న బల్ల మీదున్న అవ్వ భక్తిపాటల సీడీ తీసి పెట్టాడు. అది తక్షణం చదివింది. అంగడంతా గంటలూ తాళాలూ మోగాయి.

"పాడతాండాది కదప్పా. దాని నోరు బాగుండాది. నువ్వు పెట్టిందే బాగలేదు" అన్నాడు.

ఆ మాట మీద నేను ఎంత పోరాడానో రాస్తే ఒక పుస్తకమవుతుంది. అదే సీడీ హిందూపురంలో మా డ్రైవులో నడుస్తుంది, పెనుకొండలో మా దోస్తు ఇంట్లో నడుస్తుంది, ఈడ మాత్రమే నడవదంటే చెడిపోయింది ఎవరు? చిన్నపిల్లవాడైనా చెబుతాడు. అట్టలన్న చెప్పడు. ఆ నెలలో కొత్త డిజైను తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, మిగతావాళ్లకు ఆ పెట్టెలో ఉన్న పాతవాటితోనే పని జరిగిపోయేది. ప్రతిసారీ అవ్వ పాటల సీడీ పెట్టడం, అది పాడటం, ఆయన నావైపు జాలిగా చూడటం. వారం వారం పోతూనే ఉన్నాను. నెమ్మదిగా రాస్తే చదువుతుందని ఎవరో అంటే, ఎడ్లబండి వేగంతో రాసుకుని పోయాను, చదవలేదు. కంపెనీ మార్చాను. నీలిరంగు సీడీ పోయి ఆకుపచ్చది వచ్చింది, ఆకుపచ్చది పోయి బంగారురంగుది వచ్చింది. ఆ ఖర్చంతా నా జేబులోదే. మా సారు సీడీని పళ్లపొడితో తోమమన్నాడు. అట్టలన్న దాన్ని పంచెకొంగుతో తుడిచి, నోటితో ఊది, బియ్యండబ్బాలో పెట్టి ఒక పూట ఉంచి చూశాడు. పెట్టె వెనక తీగలు పీకి మళ్లీ బిగించాం. పెట్టెను తూర్పు వైపుకు తిప్పి చూశాం. (నవ్వకండి. ఆ రోజు నేనూ ఒక చెయ్యి వేశాను.)

ఆఖరికి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. అంతకు ముందు ఏడాది మా సెంటరు నుంచే వెళ్లిన ఒక నెమలి డిజైను సీడీ అట్టలన్న దగ్గర ఉంది. దాన్ని ఇదే డ్రైవు ఇదే అంగడిలో చదివింది, అట్టలు కూడా కొట్టారు. దాన్ని వెతికించి పెట్టాను. చదవలేదు. నా గుండె సంబరంతో గంతేసింది. ఇప్పుడేమంటావన్నా అన్నాను.

"పాతది కదప్పా. పురుగు పట్టింటాది" అన్నాడు.

కొత్తదైతే నేను సరిగా రాయలేదట, పాతదైతే పురుగట. ఈ లోకంలో తప్పు చేయనిది ఆ డ్రైవు ఒక్కటే. బస్సులో పెనుకొండ దాకా నాలో నేనే తిట్టుకుంటూ వచ్చాను. పక్కనున్న ముసలాయన, ఎవరింట్లో పంచాయితీ నాయనా అని అడిగాడు.

ఇంతలో చిన్నాయన కబురు పంపాడు. పడుగు చివరికొచ్చింది, రేపు కాక ఆ పై శుక్రవారం సాయంత్రం మంచి గడియ చూసి కొత్తది ఎక్కిస్తున్నాను, తర్వాత నన్ననొద్దు అని. ఆ కబురుతో ఆదివారం దాకా ఆగలేక, సారు దగ్గర సెలవడిగి, మర్నాటి శుక్రవారమే పొద్దున్నే ధర్మవరం చేరాను. అంగడి తీసి ఉంది. అట్టలన్న లోపల తలస్నానం చేస్తున్నాడు. అవ్వ ఒక్కతే తడితలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో పిడి ఉన్న ఇత్తడి ధూపపాత్రతో అంగడిలో తిరుగుతోంది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి తలుపుకు చూపించింది, అట్టలు కొట్టే మిషనుకు చూపించింది, కంప్యూటరు ముందుకొచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె చూపుడువేలితో బొత్తాం నొక్కింది. నాలుక బయటికొచ్చింది. ధూపపాత్రను దాని కింద పెట్టి, విసనకర్రతో పొగను ఆ సందులోకి విసిరింది. నల్లగా, చిక్కగా, పెట్టె లోపలికి, బాగా అడుక్కంటా.

అవ్వా, ఏం చేస్తాండావు అని కేకేశాను.

"ధూపం ఏస్తాండా నాయనా. నోరు తెరిచినప్పుడే కదా పొగ లోపలికి పోయేది" అంది, అదీ తెలియదా అన్నట్టు. "శుక్రవారం ఒక్కటే ఏస్తాంటి. నీ సీడీ పట్టకుండా పోయినాక, పాపం యా కన్ను తగిలిందో అని, మంగళవారం గూడా ఏస్తాండా."

నేను అక్కడే గడప మీద కూలబడ్డాను. డ్రైవు లోపల ఒక చిన్న గాజుకన్ను ఉంటుంది. అందులోంచి వెలుగు సీడీ మీద పడి, తిరిగొస్తేనే అది చదవగలిగేది. కంపెనీలో అచ్చువేసిన పాటల సీడీ అద్దంలా మెరుస్తుంది, కన్ను మసకైనా కనిపిస్తుంది. మనం ఇంట్లో రాసుకున్న సీడీ మెరుపు తక్కువ. కంటిపొర వచ్చిన పెద్దాయన అంగడి బోర్డు చదువుతాడు కానీ పంచాంగం చదవలేడు, అంతే సంగతి. వారం వారం సాంబ్రాణి పొగ ఆ కంటికి పొరలు పొరలుగా పట్టింది. నా సీడీ చదవడం లేదని ఆమె ఇంకా వేసింది, ఆమె ఇంకా వేస్తోందని అది ఇంకా చదవలేదు. నెల రోజుల పైన నన్ను తప్పుపట్టిన వాళ్ల ఇంట్లోనే, వాళ్ల కళ్ల ముందే, తప్పు పొగలు కక్కుతూ తిరుగుతోంది.

అట్టలన్న తల తుడుచుకుంటూ రాగానే అంతా చెప్పాను, అరిచే చెప్పాను. ఆయన నాకన్నా గట్టిగా అరిచాడు. "సామి పొగకు మిషను చెడిపోతాదా? మా తాత కాలం నుంచి మగ్గాలకు ఏస్తాండాం. ఒక్క పోగు తెగలే" అన్నాడు. పెట్టె విప్పి కన్ను తుడుస్తానంటే స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వలేదు. పైగా తల్లీకొడుకులిద్దరూ కనగానపల్లిలో బంధువుల పెళ్లికి బయలుదేరుతున్నారు, అంగడి తీసేది మళ్లీ శుక్రవారమే. అంటే మళ్లీ తెరిచేసరికి పొద్దున్నే ఇంకో విడత పొగ. అదే రోజు సాయంత్రం చిన్నాయన పడుగు. ఆయనతో లాభం లేదని అవ్వ దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాను.

"అవ్వా, శుక్రవారం దానికి ఒక్కపొద్దు. నోరు తెరిపిస్తే దోషం."

ఆమె ధూపపాత్ర కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "మిషనుకు ఒక్కపొద్దా? ముందే చెప్పొచ్చు కదా నాయనా. ఇన్ని వారాలు నా చేత పాపం చేయిస్తివే" అంది. అదీ నా తప్పే అయింది. అయినా తిరుగుబస్సులో నా అంతటి తెలివైనవాడు పెనుకొండలో లేడనుకుంటూ, కిటికీ పక్కన ఈలవేసుకుంటూ వచ్చాను.

మరుసటి శుక్రవారం స్పిరిటు, దూది, స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుని వెళ్లాను. అంగడిలో పొగ లేదు. కంప్యూటరుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. దాని ముందు పీట వేసుకుని అవ్వ కూర్చుని ఉంది. పాటల సీడీ కూడా పెట్టలేదట, పొద్దున్నుంచి ఆమే సొంతగొంతుతో పాడుకుంటోంది. నేను బొత్తాం వైపు చెయ్యి చాపగానే ఆ చెయ్యి మీద ఒకటి వేసింది.

"ఒక్కపొద్దని చెప్పి నువ్వే నోరు తెరిపిస్తావా? అదీ నేనూ ఇద్దరమూ ఏమీ ముట్టలేదు. దీపం పెట్టినాకనే."

అట్టలన్న వైపు చూశాను. అమ్మ ఒక్కపొద్దుకు అడ్డం పోయేంత ధైర్యం ఆయనకు లేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం దీపం పెట్టేసరికి చిన్నాయన మంచి గడియ దాటిపోతుంది. పైగా లోపల పొర అలాగే ఉంది. అబద్ధమాడానవ్వా అని చెబుదామా అనుకున్నాను. చెబితే ఆ క్షణమే సాంబ్రాణి వెలుగుతుంది. తల గోక్కుని, చివరికి, ఒంట్లో బాగలేనివాళ్లకు ఒక్కపొద్దు పట్టింపు ఉండదు కదా అవ్వా, మందు మింగొచ్చు కదా అని అడిగాను. ఆమె ఆలోచించింది. ఇంత శ్రద్ధగా నా మాట ఆ అంగడిలో ఎవరూ అంతకు ముందు ఆలోచించలేదు.

"మందుకైతే తెరువు. అన్నం పెట్టేది మాత్రం దీపం పెట్టినాకనే" అని తీర్పు చెప్పింది.

పెట్టె విప్పాను. స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో గాజుకన్ను తుడిస్తే, పుల్ల కొస గోధుమరంగులో వచ్చింది, గుడి వాసన వేసింది. ఆ పుల్లను అట్టలన్న ముక్కు దగ్గర పెట్టాను. ఆయన వాసన చూసి, మంచిదే వాడతాం సాంబ్రాణి అన్నాడు. తిరిగి అంతా బిగించేశాను. ఇక సీడీ పెడితే చదువుతుంది. పెట్టకూడదు. జబ్బు నయమైన మిషను, సంచిలో సీడీ, ఎదురుగా అవ్వ. మధ్యాహ్నమంతా అలా కూర్చున్నాను. ఆమె పాపమని అరటిపండు ఇవ్వబోయి, నువ్వూ ఒక్కపొద్దే కదా నాయనా అని వెనక్కి తీసుకుంది.

పొద్దు వాలుతుండగా చిన్నాయన వచ్చాడు. ఆయన అడుగుల చప్పుడులోనే కోపం తెలిసింది. అట్టలు యాడ, గడియ పోతాండాది, నేను పోయి మామిడిపిందె కట్టుకుంటా అని గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. నేను లేచి గాజుకన్ను సంగతి చెప్పబోయాను. ఆయన విననేలేదు. అప్పుడు అవ్వ పీట మీద నుంచి కదలకుండా అంది:

"దీపం పెట్టేదాకా ఆగబ్బా. ఒక్కపొద్దున్న మిషను కొట్టే అట్టలు ఇవి. యా మగ్గానికి దొరుకుతాయి చెప్పు."

చిన్నాయన చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి, నా పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను నెల రోజులు తిరిగాను, రంగురంగుల సీడీలు రాశాను, కారణం కనిపెట్టాను, నోరు నొప్పిపుట్టేలా చెప్పాను. నా కోసం ఒక్క గడియ ఆగని మనిషి, ఆ ఇనుపపెట్టె ఒక్కపొద్దు కోసం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కనే కూర్చుని నేను పళ్లు కొరుకుతున్నాను.

అవ్వ దీపం వెలిగించింది. పెట్టె మీద చిన్న బెల్లంముక్క పెట్టింది. ఇప్పుడు పెట్టు నాయనా అంది. నాలుక బయటికొచ్చింది, సీడీ పెట్టాను, లోపలికి పోయింది. కాస్త గరగరలాడింది. తెర మీద నా తీగ వచ్చింది. నాలుగాకుల రెమ్మ, పసుపుపువ్వు, జంటకాయలు, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా. మిషను టకటకమని బొక్కలు కొట్టడం మొదలుపెట్టింది. "సూడు, ఎంత ఆకలి మింద ఉండాదో, గబగబా తింటాండాది" అంది అవ్వ, బెల్లంలో సగం విరిచి నా నోట్లో పెడుతూ. అట్టలన్న తెరలోకి తొంగిచూసి, మల్లెమొగ్గలు బాగున్నాయప్పా అన్నాడు.

ఆ అంచు మగ్గమెక్కింది. చీరలూ బాగానే పోయాయి. మరి నా పేరు? ధర్మవరంలో దాన్ని శనక్కాయ అంచని ఎవరూ అనలేదు, ఒక్కపొద్దు అంచన్నారు. బాగుంది అన్నవాళ్లకు చిన్నాయనే చెప్పేవాడు, శుక్రవారం దీపం పెట్టినాక కొట్టిన అట్టలు, బాగుండక యాడికి పోతాది అని. తర్వాత శుక్రవారం సాయంత్రాలు అట్టలన్న అంగడి ముందు నేతగాళ్లు వరస కట్టేవాళ్లు. గీసినవాణ్ణి ఒక్కడూ అడగలేదు. మా సారు కూడా ఈ కథ విని, మన మిషను చేత కూడా ఒక్కపొద్దు చేయిద్దామా అన్నాడు, మెళ్లో పెన్‌డ్రైవు సవరించుకుంటూ.

ఇప్పుడు నేను హిందూపురంలోనే ఉంటున్నాను. అవ్వ లేదు, అట్టల అంగడి స్థలంలో సెల్‌ఫోన్ల అంగడి ఉంది. మొన్న బీరువా సర్దుతుంటే ఆ బంగారురంగు సీడీ దొరికింది. మా లాప్‌టాప్‌కు నోరు లేదు కాబట్టి, విడిగా తగిలించుకునే డ్రైవు ఒకటి కొనుక్కొచ్చి పెట్టాను. గరగరలాడింది, నాలుక బయటపెట్టింది. ఇంట్లో ఉన్న పాటల సీడీ పెట్టాను. పాడింది. అంతే, చెవులు వేడెక్కాయి, పాత కోపమంతా ఒక్కసారిగా పైకి లేచింది. అమ్మినవాణ్ణి కడిగేద్దామని ఫోను చేతికి తీసుకున్నాను. అంతలో లోపల్నుంచి మా ఆవిడ, ఈరోజు శుక్రవారం, దీపం పెట్టాలి, ఆ గోల కాస్త ఆపుతారా అంది.

ఫోను కింద పెట్టాను. పాటల సీడీ తీసేసి, ఆ నాలుకను వేలితో మెల్లగా లోపలికి తోశాను. ఆ ఒక్కపొద్దును పుట్టించింది నేనే. అది పచ్చి అబద్ధమని నాకన్నా బాగా తెలిసినవాడు ఈ భూమ్మీద లేడు. అయినా ఆ బంగారురంగు సీడీ ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, మా ఆవిడ దీపం పెట్టేదాకా ఆగాను.